నడుమ ఆగితే మైకు గుంజుకుంటున్నరు, ఏం చెయ్యాలె?

"అక్కా, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మా గ్రామైక్య సంఘానికి పోయినేడు నన్ను అధ్యక్షురాలిని చేసిన్రు. సంఘంల ఆడోళ్ల ముందట బాగనే మాట్లాడుత. కానీ వడ్ల కొనుగోలు కేంద్రం మా సంఘానికి వచ్చింది. రైతులు, పెద్దమనుషులు, వార్డు మెంబర్లు అందరున్నకాడ మైకు పట్టుకోవాల్సొస్తున్నది. మొదటిసారి గుక్క తిప్పుకోకుండ చెప్పిన. పావుగంట అనుకున్నది అయిదు నిమిషాలల్ల ఒడిసింది. ఎవ్వలకు సమజ్ కాలే. మల్ల ఒక్కొక్కలు కేంద్రం కాడికొచ్చి అవే అడిగిన్రు. మా ఊరి టీచరమ్మ 'నడుమ నడుమ ఆగు, మూడు లెక్కపెట్టు' అన్నది. తర్వాతి మీటింగుల అట్లనే ఆగిన. ఆగంగనే వరుసకు పెద్దబాపు అయ్యేటాయన లేచి అందుకున్నడు. ఇంకొకాయన మైకే గుంజుకున్నడు. 'పాపం, మర్చిపోయింది' అని ఎన్కకెల్లి ఎవలో అన్నరు. ఆగితే ఇట్ల, ఆగకపోతే అట్ల. మల్ల సీజన్ వస్తున్నది. ఏం చెయ్యాలె?"

చెల్లె,

టీచరమ్మ నీకు మంచి మాటే చెప్పింది. ఎంతసేపు ఆగాలో చెప్పింది గాని, ఎక్కడ ఆగాలో చెప్పలేదు. నువ్వు పడ్డ ఇబ్బందంతా అక్కడే ఉంది. నువ్వు వాక్యం మొత్తం చెప్పేసి, ముగించి, అప్పుడు ఆగి ఉంటావు. మాట ముగిసింది, మనిషి ఆగింది అంటే ఇక తన వంతు వచ్చిందని ఎదుటివాళ్లు అనుకుంటారు. ఇంట్లోనైనా హోటల్ దగ్గరైనా మనం రోజూ చేసేది అదే కదా. మీ పెద్దబాపు చేసింది మర్యాద కాదు, నిజమే. అయినా ఆయనకు సందు దొరికింది ఆ వాక్యం చివర్లోనే.

మన తెలుగులో క్రియ చివర వస్తుంది. అది వచ్చేదాకా ఔనో కాదో, ఇస్తారో ఇవ్వరో ఎవరికీ తెలియదు. ఆ సంగతి నీకు ఎంత ఉపయోగపడుతుందో చూడు. "తేమ పదిహేడు శాతం దాటితే కాంటా పెట్టం" అని ఒక్క ఊపున చెప్పి ఆగావనుకో. మాట అయిపోయింది, వినేవాళ్లలో ఎవరైనా లేచి "ఎట్ల పెట్టరు?" అంటారు. అదే మాటను ఇట్లా అను: "తేమ పదిహేడు శాతం దాటినంక... ఆ వడ్లను మేం..." అని ఆగు. ఎవరు లేస్తారు? లేచి ఏమంటారు? తీసుకుంటామంటావో తీసుకోమంటావో వాళ్లకు ఇంకా తెలియదే. తన వడ్ల రాశి మీద కప్పిన పరదా మొన్నటి వానకు తడిసిన రైతు ఊపిరి బిగబట్టి నీ మొహమే చూస్తాడు. అప్పుడు "కాంటా పెట్టలేం" అను. వాక్యం నడుమ ఆగినంతసేపు ఆ వాక్యం నీదే. గొంతు కూడా పైనే నిలిచి ఉండాలి, కిందికి దిగకూడదు. గొంతు దిగిందంటే అయిపోయిందని వినేవాళ్లకు తెలిసిపోతుంది.

"ఎందుకంటే", "అయితే", "ఇగ మూడో సంగతి" అనే మాటల తర్వాత ఆగినా ఇదే పని జరుగుతుంది. "మూడు సంగతులు చెప్త" అని ముందే అనేస్తే ఇంకా మంచిది. రెండోది అయ్యాక నువ్వు ఎంతసేపు ఆగినా మూడోది బాకీ ఉందని ఊరందరికీ తెలుసు. మధ్యలో ఎవరైనా లేచినా పక్కవాళ్లే "ఉండురా, ఇంకోటున్నదట" అని కూర్చోబెడతారు.

ఇక అసలు ఆగడం దేనికి? నువ్వు ఊపిరి పీల్చుకోవడానికి అనుకుంటున్నావేమో. దానికీ పనికొస్తుంది. కానీ ముఖ్యంగా అది వినేవాళ్ల సమయం. "పదిహేడు" అనే అంకె వినగానే రైతు ఊరికే వినడు. తన రాశి ఎప్పుడు పోసింది, ఎన్ని ఎండలు తగిలింది, మంచు పడ్డదా అని లోపల లెక్క వేసుకుంటాడు. ఏ గ్రేడు వడ్లకు 2025-26 సీజనుకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు అని చెప్పావనుకో, నలభై కిలోల బస్తాలు తనకు ఎన్ని అవుతాయో, దాన్ని ఈ ధరతో గుణిస్తే ఎంతవుతుందో, అందులో పెట్టుబడి అప్పు పోను ఏం మిగులుతుందో చూసుకుంటాడు. సన్నాలకు ఇచ్చే అయిదువందల బోనస్ సంగతి చెబితే, ఆ లెక్క మళ్లీ మొదటినుంచి. ఆ లెక్క తేలేలోపు నువ్వు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు ఖాతా, గన్నీ సంచులు, లారీ అంటూ పోతే అవేవీ చెవికెక్కవు. మొదటిసారి జరిగింది ఇదే. నువ్వు అన్నీ చెప్పావు, వాళ్లు మొదటి అంకె దగ్గరే ఉండిపోయారు. అందుకే మళ్లీ కేంద్రం దగ్గరికి వచ్చి అడిగారు. వాళ్లకు తెలివి లేకా కాదు, నీకు చెప్పడం రాకా కాదు.

కాబట్టి అంకె చెప్పిన చోట, తేదీ చెప్పిన చోట, "మీరు ఇది తేవాలి" అని చెప్పిన చోట తప్పకుండా ఆగు. మిగతా చోట్ల ఆగకపోయినా పరవాలేదు. "ఈ సభకు విచ్చేసిన పెద్దలకు" అనే దగ్గర ఒక్కో పేరుకూ ఆగి ఆగి, అసలు ధర దగ్గర పరుగెత్తేవాళ్లను చాలామందిని చూస్తుంటాం. ఆ వరుస తిరగబడాలి.

మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. చిన్నప్పుడు నాయనమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టేవాళ్లం కదా. ఊ కొట్టకపోతే "నిద్రపోయినవా?" అని ఆమె ఆపేసేది. ఆ ఊ కోసం ఆమె ప్రతి మాట తర్వాతా కాస్త జాగా వదిలేది. రాజుగారికి ఏడుగురు కొడుకులు, ఊ. ఏడుగురూ వేటకు పోయిన్రు, ఊ. ఒగ్గు కథలోనూ అంతే. ఐనవోలు మల్లన్న జాతరలోనో, ఊళ్లో పట్నాలు వేసినప్పుడో నువ్వు చూసే ఉంటావు. జనగామ ప్రాంతం నుంచి ఆ కళకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య లాంటి పెద్ద కథకుడైనా ఒంటరిగా చెప్పడు. పక్కన వంత అందుకునేవాళ్లు ఉంటారు, డోలు ఉంటుంది, తాళాలు ఉంటాయి. కథకుడు మాట ఆపిన చోట వంతవాళ్లు "ఆహా, ఏమన్నదట?" అని అడుగుతారు, లేకపోతే డోలు ఒక దెబ్బ పడుతుంది. రాత్రంతా కూర్చున్న జనానికి కథ పొల్లు పోకుండా ఎక్కుతుందంటే ఆ జాగాల వల్లే. మైకు ముందు నిలబడితే మాత్రం మనం ఇవన్నీ మర్చిపోయి, సర్క్యులర్ చదివినట్టు చదివేస్తాం.

నీకూ వంత కావాలి. మీ సంఘం కోశాధికారినో, సంఘం లెక్కలు రాసే వీఓఏనో, నీకు బాగా చనువున్న ఒకామెనో ముందు వరుసలో నీ కళ్లకు ఎదురుగా కూర్చోమను. ముందే మాట్లాడి పెట్టుకోండి. నువ్వు ఆగినప్పుడు ఆమె తల ఊపాలి, "ఆఁ, చెప్పక్కా" అనాలి. ఆ ఒక్క మాటతో మిగతా అందరికీ నువ్వు ఇంకా చెబుతున్నావని తెలిసిపోతుంది. ఇది నాటకమేమో అనుకోకు. పెద్దమనుషులు మాట్లాడుతుంటే పక్కన నలుగురు "నిజమే, నిజమే" అంటూ కూర్చోరూ? వాళ్లకు ఆ సాయం అడక్కుండానే దొరుకుతుంది. ఆడవాళ్లకు మనమే ఏర్పాటు చేసుకోవాలి.

మూడు సెకన్లు నీకు మూడు నిమిషాలు అనిపించి ఉంటుంది. దానికి కారణం ఉంది. ప్రపంచంలో వేర్వేరు చోట్ల మాట్లాడే పది భాషల్లో మనుషుల మాటామంతీని రికార్డు చేసి పరిశీలించిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. ఒకరు ప్రశ్న ముగించాక ఇంకొకరు జవాబు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతే. పుట్టినప్పటినుంచి మన చెవికి అలవాటైన లెక్క అది. ఇక ఒక సెకను గడిచేసరికే ఏదో తేడా వచ్చిందని ఒళ్లు హెచ్చరిస్తుంది. దానికి తోడు గుండె దడదడలాడుతుంటుంది. అయితే ఆ లెక్క ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునేటప్పటిది. రెండువందల మంది ముందు నిలబడి చెప్పేటప్పుడు అది పనిచేయదు. వినేవాళ్లకు ఆ మూడు సెకన్లు నీకు అనిపించినంత పెద్దగా అనిపించవు. నమ్మకం లేకపోతే ఫోన్‌లో నీ మాట రికార్డు చేసి విను. యుగం గడిచిందనుకున్న చోట చిన్న విరామమే వినపడుతుంది, చాలాసార్లు.

దీనికి ఇంకో అభ్యాసం ఉంది. సంఘంలో ఎవరైనా కాలం చేస్తే మీటింగు మొదట్లో రెండు నిమిషాల మౌనం అంటాం. ఎక్కడ చూసినా అరనిమిషం కాకముందే "థాంక్యూ, కూర్చోండి" అంటారు. ఈసారి అట్లాంటి సందర్భం వస్తే నువ్వే ముందుండి, గడియారం చూసి రెండు నిమిషాలూ పూర్తిగా పాటించు. పోయిన మనిషికి మనం ఇస్తామన్నది మొత్తం ఇచ్చినట్టవుతుంది. అంతమంది జనం అంతసేపు నిశ్శబ్దంగా నిలబడగలరని నీకూ తెలుస్తుంది. నూట ఇరవై సెకన్లు మోసినదానికి తర్వాత మూడు సెకన్లు బరువనిపించదు.

ప్రశ్న అడిగినప్పుడు మాత్రం వాక్యం పూర్తిచేసే ఆగాలి, ఆ ఆగడం గట్టిగా ఉండాలి. "అందరికి సమజైందా?" అని అడిగి, జవాబు రాకముందే "సరే, ఇగ రెండోది" అంటాం మనం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆమె బడి పాఠాల మీద పరిశోధన చేసి 1970లలో ఒక సంగతి చెప్పింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున సెకను కూడా ఆగడం లేదట. మూడు సెకన్లో ఇంకా ఎక్కువో ఆగిన చోట పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు, "తెలవదు" అనేవాళ్లు తగ్గారు. పెద్దవాళ్లకూ ఇది వర్తిస్తుందని నా గట్టి నమ్మకం. ముఖ్యంగా వెనక నిలబడ్డ కౌలు రైతుకు. ఆయన పేరు మీద పాస్‌బుక్ ఉండదు, వడ్లు ఎవరి పేరు మీద రాయించాలో తెలియదు, అడగడానికి మొహమాటం. నువ్వు ఆగితేనే ఆయన నోరు తెరుస్తాడు. "సమజైందా" అనే ప్రశ్న కూడా మార్చు. "తేమ ఎక్కువొస్తే ఏం చేస్తరు, చెప్పున్రి" అని అడిగి ఆగు. ఆరబోస్తం అని ఎవరో ఒకరు అంటారు. నువ్వు పదిసార్లు చెప్పిన దానికన్నా ఆ ఒక్క జవాబు ఎక్కువమందికి గుర్తుంటుంది.

మైకు సంగతి కూడా చెప్పాలి. ఆగిన ప్రతిసారీ మైకు కిందికి దించితే ఎవరైనా ఇమ్మని చెయ్యి చాపుతారు. ఆగినా సరే, గదవ దగ్గరే ఉంచు. రెండో చేతిలో కాగితం ఉండనీ. చూపు నేలకు దించకు, స్టేజీ మీదున్న సార్ల వైపు అసలే తిప్పకు. మంజూరు కోసం చూస్తున్నావనుకుంటారు. ఎదురుగా ఒక మనిషిని చూడు. వాక్యం పూర్తయ్యాక ఇంకొకరిని చూడు.

మీ ఊళ్లో మైకు హారన్లు ఎక్కడ కట్టారో చూసుకో. పంచాయతీ ఆఫీసు మీద ఒకటి, బడి దగ్గర స్తంభానికి ఇంకొకటి కడుతుంటారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రెండింటికీ నడుమ 170 మీటర్ల దూరం ఉంటే, ఒక హారన్ కింద కూర్చున్నవాళ్లకు రెండో హారన్ మాట అరసెకను ఆలస్యంగా వినపడుతుంది. నువ్వు గడగడ చెబితే "పాస్‌బుక్" మీద "పదిహేడు" వచ్చి పడుతుంది. రేకుల షెడ్డులోనో ఫంక్షన్ హాల్లోనో అయితే గోడలకు తగిలి మోత. అక్కడ ఎంత అరిచినా మాట తేటపడదు, ముక్కకూ ముక్కకూ నడుమ ఎడం ఇస్తేనే తేటపడుతుంది. మీటింగుకు ముందు ఒక పిల్లగాణ్ణి దూరంగా నిలబెట్టి, మైకులో నాలుగు మాటలు చెప్పి, వినపడ్డాయో లేదో అడుగు. పది నిమిషాల పని.

కాగితం మీద పేరా లాగా రాసుకోకు. లావు అక్షరాలతో, ఒక్క సంగతికి ఒక్క లైను, కింద ఒక ఖాళీ లైను. ఖాళీ లైను దగ్గరికి వచ్చినప్పుడు తల ఎత్తి ఊపిరి వదులు. పీల్చడం కాదు, వదలడం. లోపల పట్టుకున్న గాలి పోతే కొత్తది దానంతటదే వస్తుంది, గొంతు వణుకు కూడా తగ్గుతుంది. నిజంగా మర్చిపోయినా కంగారు పడకు. ఇప్పటిదాకా చెప్పిన చివరి అంకెను మళ్లీ ఒకసారి మెల్లగా చెప్పు. నొక్కి చెబుతున్నావనుకుంటారు, ఆలోపు కాగితం చూసుకోవచ్చు. "ఏందంటే", "మరి", "అన్నట్టు" అనే మాటలు దొర్లుతుంటాయని సిగ్గుపడకు, అందరి నోటా ఉండేవే. ప్రతి ఖాళీనీ వాటితో నింపుతున్నావని రికార్డింగ్‌లో తెలిస్తే మాత్రం కొన్ని తగ్గించుకో. అవి ఉన్నచోట వినేవాళ్లకు లెక్క వేసుకునే జాగా మిగలదు.

వాజ్‌పేయి ప్రసంగాలు ఫోన్‌లో చూసి ఉంటావు. 1996 మే నెలలో పదమూడు రోజుల ప్రభుత్వం పడిపోయేటప్పుడు లోక్‌సభలో మాట్లాడింది ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఆయన కళ్లు మూసుకుని ఆగితే సభ కాచుకుని ఉండేది. అది చూసి అంతంతసేపు ఆగాలని ప్రయత్నించకు. అన్నేళ్ల పేరు ఉంది గనుక ఆయన కోసం ఆగారు. మనం అనుకరిస్తే, ఎండలో నిలబడ్డ రైతుకు విసుగు పుడుతుంది, న్యాయంగానే. అవసరమైన చోట రెండు మూడు సెకన్లు చాలు నీకు.

ఇన్ని చేసినా ఎవరో ఒకరు అందుకుంటారు. ఆడమనిషి మాట్లాడుతుంటే నడుమ దూరడం కొందరికి అలవాటు, నువ్వు ఆగినందువల్ల పుట్టింది కాదది. ఆగకుండా పరుగెత్తినా అది పోదు. అప్పుడు పోటీపడి గొంతు పెంచకు. ఆయన మీద నీ మాట, నీ మీద ఆయన మాట పడితే ఊరికి రెండూ వినపడవు. పూర్తిగా ఆగిపో. మైకు నీ దగ్గరే ఉండాలి. ఆయన వైపే చూడు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు, "పెద్దబాపూ, నీ మాట తప్పకుంట వింట. ఈ మూడో సంగతి ఒక్కటి ఒడవనియ్యి, తర్వాత మొదటి మైకు నీకే ఇస్త" అను. అని ఆగు. ఆయన కూర్చునేదాకా మాట్లాడకు. ఊరి ముందు వరుస కలిపి అడిగినదానికి ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. కూర్చున్నాక, తెగిన వాక్యాన్ని మధ్యలోంచి కాకుండా మొదటినుంచి చెప్పు. ఇచ్చిన మాట ప్రకారం తర్వాత మైకు ఆయనకే ఇవ్వు, తప్పించుకోకు. వచ్చేసారి ఆయన తనంతట తానే కాచుకుంటాడు.

ఒక్క విషయంలో జాగ్రత్త. "ఈసారి తరుగు పేరు మీద ఒక్క కిలో కూడా..." అని ఆగి, "కోయనియ్యం" అంటే చప్పట్లు పడతాయి. ఆగి చెప్పిన మాటను ఊరు మర్చిపోదు. కానీ మిల్లు దగ్గర ఏం జరుగుతుందో నీ చేతిలో పూర్తిగా ఉండదు. మండలంలో సంఘాల పని చూసే ఏపీఎంతో, అధికారులతో మాట్లాడుకుని, నీ చేతిలో ఉన్నదెంతో తేల్చుకుని, అంతవరకే ఆ తీరుగా చెప్పు. "కేంద్రంల కాంటా మీ కండ్ల ముందట పెడ్తం, తూకం చీటీ మీ చేతికి..." అని ఆగి, "ఇస్తం" అను. అది నువ్వు నిలబెట్టుకోగల మాట.

చివర "అంతే, ధన్యవాదాలు" అని మైకు వదిలేసి గబగబా దిగిపోకు. "ఇగ మీరడుగున్రి" అని అక్కడే నిలబడు. పెద్దబాపుకు మాట ఇచ్చి ఉంటే ఆయనతోనే మొదలుపెట్టు. తర్వాత, వెనకున్నవాళ్లలో ఒక్కరైనా అడిగేదాకా మైకు స్టేజీ మీదివాళ్లకు ఇవ్వకు. ఆ మొదటి ప్రశ్న రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, అవనీ.